అత్తయ్య కూర్చున్న కిటికీ

మా పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో మామయ్యగారూ నేనూ నేరుగా మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే నోటు పుస్తకంలో ఒక పేజీ కూడా నిండదు. పోట్లాటేమీ లేదండోయ్! మా ఇద్దరి మధ్యా అత్తయ్య ఉండేవారు, అంతే. "మీ మామయ్యకి పెరుగు పుల్లగా అనిపించిందటే" అని ఆవిడ వచ్చి చెప్పేవారు. "రేపు మా అమ్మావాళ్ళ ఊరెళ్తున్నామని మామయ్యగారితో చెప్పండత్తయ్యా" అని నేనూ ఆవిడకే చెప్పేదాన్ని. ఆయన పక్కనే పడక్కుర్చీలో కూర్చుని అంతా వింటున్నా సరే, మాట మాత్రం అత్తయ్య మీదుగానే వెళ్ళాలి. చాలా ఇళ్ళల్లో ఇంతే కదూ?

ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళిన వారానికి అత్తయ్య వెళ్ళిపోయారు. మావారొక్కరే ఇండియా వెళ్ళారు. చిన్నాడికి జ్వరం, పెద్దదానికి బడి, అప్పటికప్పుడు నాలుగు టికెట్లు... అన్నీ నిజమైన కారణాలే. నేను వెళ్ళలేదన్నదీ నిజమే.

మే నెలలో మామయ్యగారిని మా దగ్గరికి, ఆరెగాన్‌కి తీసుకొచ్చాం. విజిటర్ వీసా మీద ఆరు నెలలు. ఆయన పొద్దున్నే లేచి స్నానం చేసి, పెట్టింది తిని, హాల్లో కిటికీ పక్కన కూర్చునేవారు. "కాఫీ ఇమ్మంటారా?" అంటే "ఊఁ". "ఇంకొంచెం అన్నం?" అంటే "చాలు". ఇల్లంతా మనుషులున్నా, మధ్యలో మాటలు మోసే మనిషి లేక ఇద్దరం చెరో ఒడ్డునా ఉండిపోయాం.

మా మోటార్‌హోమ్ సంగతి ఇక్కడ చెప్పాలి. మూడేళ్ళ క్రితం మావారు ముచ్చటపడి కొన్న సెకండ్‌హ్యాండ్ బండి. 1996 మోడల్. ముందు వ్యాను మొహం, వెనక చిన్న ఇల్లు. ఒక పొయ్యి, ఒక సింకు, భోజనాల బల్ల, దాని పక్కన అడ్డంగా జరిగే అద్దాల కిటికీ. బల్లని కిందికి దించితే అదే మంచం అవుతుంది. రెండేళ్ళ క్రితం అత్తయ్యా మామయ్యగారూ వచ్చినప్పుడు ఆ బండిలోనే తిరిగాం. ఆ కిటికీ పక్క సీటు అత్తయ్యది. దారంతా అక్కడే కూర్చుని చిక్కుళ్ళు వలిచేవారు. రాత్రి అక్కడే పడుకునేవారు.

పోయిన చలికాలం ఆ కిటికీ కింద గోడ మీద టీ ఒలికినట్టు మరక కనిపించింది. మావారు యూట్యూబు చూసి, సిలికాన్ ట్యూబు తెచ్చి, కిటికీ చుట్టూ బయట నుంచి దట్టంగా పూసేశారు. "ఇక చుక్క రాదు చూడు" అన్నారు. వానలు అయ్యేసరికి మరక రెట్టింపయింది. ఆగస్టులో షాపుకి తీసుకెళ్తే, పదిహేను వందల డాలర్లవుతుందనీ, అదీ నవంబరు దాకా ఖాళీ లేదనీ చెప్పారు. మా దగ్గర అక్టోబరులో మొదలైన వాన వసంతం దాకా వదలదు. నవంబరుకి గోడ మిగులుతుందా? "అమ్మేద్దాం లే" అన్నారు మావారు, రాత్రి భోజనాల దగ్గర. మామయ్యగారు తలెత్తకుండా మజ్జిగన్నం కలుపుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్న చూద్దును కదా, ఆయన కుర్చీలో లేరు. బండి ఎక్కి, ఆ గోడని బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కి చూస్తున్నారు. నన్ను చూసి, "అమ్మాయ్, స్క్రూడ్రైవరుందా?" అన్నారు.

అది నాతో అన్న మాటేనా అని నిజంగానే వెనక్కి తిరిగి చూసుకున్నాను.

మామయ్యగారు గుడివాడ డిపోలో శ్రామిక్‌గా చేరి, మెకానిక్‌గా రిటైరయ్యారు. ఇంజన్ల వైపు కాదు, బాడీ పని. రేకులు, సీట్లు, షట్టర్లు, అద్దాలు. ఈ సంగతి నాకు తెలుసు, కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. నా మటుకు నాకు ఆయన పడక్కుర్చీలో పేపరు చదివే మనిషి.

ఈ బళ్ళ కిటికీలు మన ఇంటి కిటికీల్లా గోడలో పాతి ఉండవు. బయట నుంచి ఒక ఫ్రేము, లోపల నుంచి ఒక రింగు. మధ్యలో గోడని శాండ్‌విచ్‌లా పట్టుకుని ఉంటాయి. స్క్రూలన్నీ లోపలి రింగుకే. బయటి ఫ్రేముకీ గోడకీ మధ్య బంకలాంటి టేపు ఉంటుంది, బ్యూటైల్ టేపు అంటారు. నీళ్ళని ఆపేది అదే. పాతికేళ్ళు దాటితే ఎండిపోయి చీలికలొస్తుంది.

ఆయన బయట ఫ్రేము పట్టుకున్నారు, నేను లోపల స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. ఇరవై దాకా ఉన్నాయి. చివరి మూలకొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. రింగు మీద, సరిగ్గా దిండు పెట్టుకునే వైపు, వరసగా మూడు బొట్టుబిళ్ళలు. మెరూన్ రంగువి. అత్తయ్య రాత్రి పడుకునే ముందు తీసి అక్కడ అంటించి, పొద్దున్నే పెట్టుకునేవారు. మూడు రాత్రుల ప్రయాణంలో మూడు మర్చిపోయారు కాబోలు.

"ఏమయింది?" అన్నారు బయట నుంచి.

ఎలా చెప్పాలో తెలియలేదు. ఇలాంటివి చెప్పడానికి మాకు అత్తయ్య ఉండేవారు. "మీరొకసారి లోపలికి రండి మామయ్యగారూ" అన్నాను. వచ్చి చూశారు. కాసేపు అలాగే నిలబడ్డారు. "రింగు తుడిచేటప్పుడు ఆ మూల వదిలెయ్" అని మళ్ళీ బయటికి వెళ్ళిపోయారు.

తర్వాత తప్పు నాదే. ఫ్రేము ఊడి రావట్లేదు, సిలికాన్ పట్టేసింది. ఆయన సన్నటి లప్పం కత్తి దూర్చి కొంచెం కొంచెంగా కదుపుతున్నారు. నాకు ఓపిక లేక ఇంకో మూల పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి ఒక్క తోపు తోశాను. ఫ్రేము వంగింది, అద్దం అడ్డంగా చిట్లింది. గుండె గుభేలుమంది. అత్తయ్య కిటికీ! ఆయన ఏమంటారో అని చూస్తే, "డిపోలో రోజుకో అద్దం పగిలేది. కాళ్ళకి చెప్పులున్నాయా, ముక్కలు చూసుకో" అన్నారు.

వంగిన ఫ్రేముని గడ్డి మీద పడేసి, ఆయన బోర్లా తిప్పి చూపించారు. కింది పట్టీకి బయటివైపు సన్నటి కన్నాలు రెండు, వాటి నిండా మావారి సిలికాన్.

"ఇవేంటో తెలుసా? తూములు. జరిపే అద్దాల కిటికీలోకి నీళ్ళు రాకుండా ఎవడూ ఆపలేడమ్మా. గాలివానకి గాడిలోకి నాలుగు చుక్కలు వస్తాయి. వచ్చినవి ఇట్నుంచి బయటికి పోవాలి. మీరు తూములు మూసేశారు. నీళ్ళు గాడిలో నిండి, పొంగి, గోడలోకి దిగాయి."

బందరు కాలవల మధ్య పెరిగిన మనిషికి తూము గురించి ఇంకొకరు చెప్పాలా! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చుక్క రాకూడదని మేము పడ్డ శ్రమంతా గోడని కుళ్ళబెట్టడానికే పనికొచ్చిందన్నమాట.

సాయంత్రం మావారికి చెబితే, "అవి కన్నాలని నాకేం తెలుసు, తయారీలో లోపం అనుకున్నా" అన్నారు. ఇంజనీరు!

ఇక కొత్త కిటికీ వేట. కొత్తది చేయించాలంటే వారాలు పడుతుంది. పాత మోటార్‌హోమ్‌లు విడగొట్టి సామాన్లు అమ్మే యార్డు ఒకటి గంట దూరంలో ఉందని తెలిసి, ఇద్దరమే వెళ్ళాం. మామయ్యగారు చేతిలో మూడు కొలతలు రాసుకున్న కాగితం పట్టుకున్నారు. ఒకటి, గోడలో ఉన్న ఖాళీ పొడవూ వెడల్పూ. ఫ్రేముని కాదు, ఖాళీనే కొలవాలట. రెండు, మూలల వంపు. దానికోసం అట్టముక్క మీద మూల గీసి కత్తిరించి జేబులో పెట్టుకొచ్చారు. మూడు, గోడ మందం. నాలుగు వరసలు తిరిగి, అట్టముక్క పెట్టి చూసి, సరిపోయేది పట్టారు. ఎనభై డాలర్లు. అయితే దానితో వచ్చిన లోపలి రింగు పల్చటి గోడది, మా గోడకి అందదు.

"పర్లేదు. మన పాత రింగు సరిపోతుంది" అన్నారు. ఆయన గొంతులో ఆ క్షణం ఏదో తేలికదనం వినిపించింది. నాకూ అలాగే అనిపించింది.

గోడ కింద భాగంలో చెక్క పొట్టులా రాలిపోయింది. తడిసినంత మేరా తీసేసి, ఫ్యాను పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాం. రాత్రుళ్ళు పాలిథిన్ షీటు కట్టేవాళ్ళం. కొత్త చెక్క కోసి బిగించారు. ఆ తర్వాత అసలు విసుగు పని, పాత బంకా సిలికానూ గోకడం. సిలికాన్ ఇంత మిగిలినా దాని మీద కొత్తది ఏదీ అంటుకోదు. ప్లాస్టిక్ గోకుడుబిళ్ళతో గోకి, గుడ్డకి మినరల్ స్పిరిట్స్ అద్ది తుడవాలి. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఆయన బయట నిచ్చెన మీద, నేను లోపల సీటు మీద మోకాళ్ళ మీద. మధ్యలో అద్దం లేని కిటికీ.

మొహాలు చూసుకోకుండా, చేతులు పనిలో ఉంటే మాట్లాడడం ఎంత సులువో నాకు ఆరోజే తెలిసింది. ముందు ఆయనే మొదలుపెట్టారు. డ్యూటీ దిగి ఇంటికెళ్తే చేతుల గ్రీజు పోవడానికి అత్తయ్య గిన్నెలో కిరసనాయిలు పోసి పెట్టేవారట. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకి వాంతి చేసుకునేవారట. "ఒక్కసారి కూడా నాతో అనలేదు. పదేళ్ళ తర్వాత మీ ఆయన పుట్టాక, నవ్వుతూ చెప్పింది" అన్నారు.

ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, నేను అనేశాను. "మామయ్యగారూ, అత్తయ్య పోయినప్పుడు నేను రాలేదు."

అవతల గోకుడు ఆగింది. నేను మాత్రం ఆపలేదు, ఆపితే ఏడుస్తానని.

"మీరేమనుకున్నారో అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఎవరితో చెప్పించాలో తెలియలేదు."

చాలాసేపటికి ఆయన అన్నారు. "అనుకున్నానమ్మా. మూడోరోజు దాకా గుమ్మం వైపు చూశాను, వస్తావేమోనని. కోపం ఉండేది." మళ్ళీ కత్తి చప్పుడు మొదలైంది. "నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. ఉండేది. అడక్కపోతే ఉండిపోయేదేమో."

"ఛ ఛ, అదేం లేదమ్మా" అని ఆయన అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఉండేది అన్నారు కనక, ఇప్పుడు లేదన్నది నమ్మాను. లోపల నేను ఏడ్చాను. బయట ఆయన ముక్కు చీదడం వినిపించింది. ఇద్దరం స్పిరిట్ వాసన మీదకి నెట్టేశాం.

శనివారం బిగింపు. మావారూ పిల్లలూ అందరూ హాజరు. మీలో ఎవరికైనా ఎప్పుడైనా పనికొస్తుందేమో, ఆయన చేసిన తీరు రాస్తున్నాను. ఫ్రేము అంచు చుట్టూ బ్యూటైల్ టేపు ఒకే ముక్కగా, సాగదీయకుండా అంటించారు. అతుకు కిందివైపు వచ్చేలా చూశారు. పైన అతుకుంటే వాన సరిగ్గా అక్కడే దారి వెతుక్కుంటుందిట. మా బండి గోడ రేకుకి గాడులున్నాయి, అందుకని ఆ పల్లాల్లో ఇంకో పొర వేశారు. మావారు బయట నుంచి కిటికీని ఎత్తి ఆనించి పట్టుకుంటే, నేను లోపల పాత రింగు పెట్టి స్క్రూలు తిప్పాను. డ్రిల్లు వద్దన్నారు, చేత్తోనే. ఒక స్క్రూ ఇక్కడ బిగిస్తే తర్వాతది దానికి ఎదురుగా. ఏదీ ఒక్కసారే పూర్తిగా బిగించకూడదు. రెండు మూడు చుట్లు తిరగాలి. చుట్టూ సమానంగా బంక బయటికి ఉబికి వస్తే సరిగ్గా కూర్చున్నట్టు.

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆగు!" అని ఆయన కేకలు. అన్ని కేకలు నన్ను ఎప్పుడూ వెయ్యలేదు. భలే సంతోషంగా ఉండింది.

మర్నాడు ఎండ తగిలి బంక మెత్తబడ్డాక మళ్ళీ ఒక చుట్టు బిగించి, బయటికొచ్చిన బంకని ప్లాస్టిక్ బిళ్ళతో కోసేశారు. అప్పుడు పైనా, రెండు పక్కలా సన్నగా సీలెంటు గీత. సిలికాన్ కాదు, ఈ బళ్ళకోసమే అమ్మేది. కింద మాత్రం ఏమీ పూయలేదు. తూములు రెండూ పుల్లతో పొడిచి చూసుకున్నారు.

చివరికి నీళ్ళ పరీక్ష. మా అబ్బాయి గొట్టం తీసుకుని పైనుంచి కొట్టబోతే తాతయ్య ఆపారు. కింద నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా పైకి రావాలి. అలా అయితేనే కారితే ఏ ఎత్తులో కారిందో తెలుస్తుంది. పావుగంట తడిపాడు. నేను లోపల టార్చి పట్టుకుని, మూలమూలా టిష్యూ కాగితం అద్ది చూశాను. పొడిగా ఉంది. బయట తూముల్లోంచి సన్నటి ధార. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం "వాన చెప్పాలి" అన్నారు.

వాన అక్టోబరు చివర్లో చెప్పింది. ఆయన వెళ్ళే ముందు ఒకసారి సముద్రం చూపిద్దామని ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కుకి వెళ్ళాం. అక్కడ ఇసుకలో పీటర్ ఐర్‌డేల్ అనే ఓడ అస్థిపంజరం ఉంటుంది. 1906 అక్టోబరులో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ. తుప్పుపట్టిన ఇనుప పక్కటెముకలు ఇంకా నిలబడి ఉన్నాయి. మామయ్యగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాడీ పోయినా ఛాసిస్ గట్టిది" అని మెచ్చుకున్నారు.

ఆ రాత్రి కుంభవృష్టి. బండి పైకప్పు మీద వాన, ఎవరో చేటతో బియ్యం కుమ్మరిస్తున్నట్టు. నాకు మెలకువ వచ్చి చూస్తే, ఆయన అత్తయ్య సీటులో కూర్చుని కిటికీ కింద అంచు మీద వేలితో రాస్తున్నారు. నన్ను చూసి వేలు ఎత్తి చూపించారు. పొడి. రింగు మూలన మూడు బిళ్ళలూ అలాగే ఉన్నాయి.

"మీ అత్తయ్య ఉంటే ఈపాటికి పకోడీలు వేసేది" అన్నారు.

రాత్రి ఒంటిగంట. శనగపిండి ఉంది, ఉల్లిపాయలున్నాయి. వేశాను.

నవంబరులో ఆయన వెళ్ళిపోయారు. ఉండమని అడిగాం. "ఇల్లు చూసుకోవాలిగా" అన్నారు. బండి అమ్మే మాట మావారు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు గుడివాడ నుంచి ఫోను వస్తే, కొడుకుతో రెండు ముక్కలు మాట్లాడి, "అమ్మాయికివ్వు" అంటారు. కూరేం వండావు దగ్గర్నుంచి చిన్నాడి దగ్గు దాకా అన్నీ అడుగుతారు. మావారికి కొంచెం కుళ్ళు.

వచ్చే నెల అత్తయ్య సంవత్సరీకం. ఈసారి నలుగురికీ టికెట్లు తీశాం. నిన్న ఆ మాట చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు సవరించుకుని, "వచ్చేటప్పుడు ఆ లప్పం టేపు రెండు చుట్టలు పట్రా తల్లీ. వంటింటి కిటికీ కారుతోంది. నువ్వు లోపల స్క్రూలు తిప్పుదువుగాని" అన్నారు.

సూట్‌కేసులో అన్నిటికంటే ముందు అవే పెట్టాను.